పడుగుకొకటి, పేకకొకటి

‘జర’ అనే మాట మీద నాకున్న కోపం ఈ జన్మకు చల్లారదు. వనపర్తిలో నేను పనిచేసిన స్టూడియోలో మా ఓనరు నా కుర్చీ వెనక నిలబడి, నా భుజం మీదుగా చేయి చాపి, కంప్యూటర్ తెరకు వేలు ఆనించి, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా అనే మాట అదొక్కటే. జర పెంచు. జర తగ్గించు. గంత గాదు, జర. కంప్యూటరుకు అంకె చెప్పాలి. పది అంటే పది, నలభై అంటే నలభై, తు.చ. తప్పకుండా చేస్తుంది. జర అంటే ఎంతో దానికి తెలియదు, నాకు తెలియదు, అనే ఆయనకు అంతకన్నా తెలియదు. పైగా అది మిరపకాయ బజ్జీలు తిన్న వేలు. తెర మీది నూనె మరకలు తుడవడం కూడా నా జీతంలోనే.

మేం చేసేది మోషన్ గ్రాఫిక్స్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పెళ్లి పిలుపు వీడియోలు, ఓణీల ఫంక్షన్ వీడియోలు, బట్టల దుకాణాల ముందు ఎల్‌ఈడీ తెరల మీద తిరిగే బొమ్మలు, ఇంతే. పెళ్లికూతురి పేరు ఎగిరొచ్చి పెళ్లికొడుకు పేరు పక్కన వాలాలి. పైనుంచి పూలు రాలాలి. వినాయకుడి వెనక వెలుగు చక్రం తిరగాలి. ప్రతిదానికీ లోపల స్లైడర్లు ఉంటాయి. పూలు ఎన్ని రాలాలి, ఎంత వేగంగా రాలాలి, బంగారు అక్షరాలు ఎంత మెరవాలి, ఏ రంగు ఎటు తిరగాలి, అన్నిటికీ ఒక్కో గీత, గీత మీద ఒక చుక్క. చుక్కను కుడికి లాగితే పెరుగుతుంది, ఎడమకు లాగితే తగ్గుతుంది. చూడ్డానికి ఎవరైనా చేయగల పనే అనిపిస్తుంది, నా ఖర్మ అక్కడే ఉంది.

మామూలుగా ఆ స్లైడర్లు ఎక్కడెక్కడో పొరల కింద దాక్కుని ఉంటాయి. వెతకడానికే సగం పూట పోతుంది. అందుకని నేనే కూర్చుని, ఒక్కో నమూనా వీడియోకు కావలసినవన్నీ ఒక్కచోటికి లాగి పోపుల పెట్టెలా అమర్చాను. ఆవాలు ఇక్కడ, జీలకర్ర ఇక్కడ. పేరు మార్చు, రంగు మార్చు, పూలు పెంచు, అయిపోయింది. అది చూశాక మా ఓనరు వచ్చినవాళ్లందరికీ “ఇగ నాగ్గూడ పని వచ్చింది” అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. పోపుల పెట్టె మూత తీసిన ప్రతివాడూ వంటవాడైతే ఇక హోటళ్లెందుకు?

ఒకసారి నేను అన్నం తిని వచ్చేలోగా నాగర్‌కర్నూల్ వాళ్ల పెళ్లి వీడియోలో పూల స్లైడర్‌ను చివరిదాకా లాగేశాడు. వరదలా పూలు. పెళ్లికూతురి తండ్రి పేరు వాటి కింద మునిగిపోయింది. అది అలాగే వాళ్లకు పంపాడు. వాళ్ల చుట్టాలందరికీ పోయింది. మర్నాడు ఆ తండ్రి వచ్చి, “నేను బతికే ఉన్న గద సార్, నా పేరేది?” అని అడిగాడు. మా ఓనరు నా వైపు చేయి చూపించి, “మా కాడి పిల్ల చేసింది, జర తెల్వదు దానికి” అన్నాడు. నా ముందే అన్నాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నేను ఏదో అనబోతే “చాయ్ చెప్పు సార్‌కు” అన్నాడు. చాయ్ చెప్పాను. ఆ చాయ్ చెప్పినందుకు నా మీద నాకు ఇప్పటికీ మంట.

ఇక మా ఇంటి సంగతి. మాది గద్వాల. వారమంతా వనపర్తిలో ఉండి, సెలవు దొరికితే పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా బస్సెక్కి ఇంటికి పోయేదాన్ని. ఇంట్లో మగ్గం ఉంది. అమ్మ నేస్తుంది. మా దగ్గరి చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ వేర్వేరు దారాలు. వాటిని వరస వరసకూ మెలివేసి కలపాలి, అది ఒక్క మనిషితో అయ్యే పని కాదు, పక్కన ఇంకో చేయి కావాలి. మా నాన్న ఆ చేయి.

మగ్గం మాది. నూలు మాత్రం చీరల దుకాణం సేటుది. పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా పరుచుకునే దారాలు, ఆయనే ఇస్తాడు. పేక, అంటే అడ్డంగా పోయే దారం, అదీ ఆయనే ఇస్తాడు. అమ్మ నేసి చీర ఇస్తుంది, ఆయన కూలి ఇస్తాడు. ఒక పడుగు మీద నాలుగైదు చీరలు వస్తాయి. అది అయిపోవచ్చాక పాత పోగుల చివర్లను మగ్గం మీదే వదిలేస్తారు. కొత్త పడుగు రాగానే, వేళ్లకు బూడిద రాసుకుని, పాత చివరకూ కొత్త చివరకూ ఒక్కో పోగును మెలేసి అతుకుతారు. వేల పోగులు. అయినా అదే సుళువు. ఆ చివర్లు లేకపోతే ప్రతి పోగునూ మళ్లీ మొదటి నుంచి, దువ్వెనలాంటి అచ్చు పళ్లలో ఎక్కించాలి, నడుములు పోతాయి. మా మగ్గం మీది ఆ చివర్లు సేటు తండ్రి కాలం నుంచి వాళ్ల నూలువే. అచ్చు అరిగి మార్చిన రోజుల్లో తప్ప ఆ మగ్గం ఖాళీగా ఉండటం నేను చూడలేదు. ఒక పడుగు తోకకు ఇంకో పడుగు, దాని తోకకు ఇంకోటి. మేం పుట్టాం, పెరిగాం, చదివాం, ఆ దారం మాత్రం తెగలేదు.

ఆ సేటు ఒకరోజు మా స్టూడియో మెట్లెక్కి వచ్చాడు.

నన్ను చూసి, “నువ్వు మన మగ్గం ఆమె బిడ్డవు గదా” అన్నాడు. మన మగ్గమట. మగ్గం మాది, నూలు ఆయనది అన్న తేడా ఆయన నోట్లో ఎప్పుడో కరిగిపోయింది. చంకలో ఒక చీర ఉంది. విప్పగానే గుర్తుపట్టాను, అమ్మ నేస్తుండగా నేను పక్కన కూర్చుని చూసిన చీర అది. ఎర్ర పడుగు మీద నీలం పేక. కలిస్తే వంగపండు రంగు. కానీ మడత ఇటు తిరిగితే ఎరుపు మెరుస్తుంది, అటు తిరిగితే నీలం మెరుస్తుంది. అమ్మ చేతి చీరను మా ఓనరు బజ్జీ వేళ్లతో పట్టుకుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

సేటుకు కావలసింది ఇదీ: చీర ఒక్కటే, వీడియోలో మాత్రం అన్ని రంగుల్లో కనిపించాలి. ఫోన్లలో పంపుతాడు, నచ్చిన రంగు ఎంచుకుంటారు, అప్పుడు నేయిస్తాడు. ముందే నేసి దుకాణంలో పెట్టుకునే బాధ లేదు.

చీరను గాలికి ఊపి వీడియో తీశాను. తెర మీద ఎర్ర మెరుపును ఒక పొరగా, నీలం మెరుపును ఇంకో పొరగా విడదీశాను. ఒక్కోదానికి ఒక్కో రంగు స్లైడర్ పెట్టాను. ఒకదానికి ‘పడుగు’ అని పేరు, ఇంకోదానికి ‘పేక’ అని పేరు. నేతగాళ్ల ఇంట్లో పుట్టినదానికి అలా కాక ఇంకెలా చేయాలో తోచదు. మగ్గం మీద రంగు అనేది ఒక్కటి కాదు, ఎప్పుడూ రెండు.

మా ఓనరు వెనక నుంచి వేలు పెట్టాడు. “గిదేంది, రెండు బటన్లెందుకు?”

“ఒకటి పడుగుకు అన్నా, ఒకటి పేకకు. ఒక్కటే మారిస్తే రంగు వేరే వస్తది.”

“నువ్వు సేటుకు నేత నేర్పుతున్నవా?”

సేటు నవ్వాడు. “మా తాత కాలం కాంచి గిదే పని బిడ్డా. నాకే చెప్తున్నవా పడుగు పేకలు?”

“ఒక్కటే పెట్టు,” అన్నాడు ఓనరు. “జర జరిపితే మొత్తం మారాలె. గంతే.”

నేను ఊరుకోలేదు. రెండూ కలిసి తిరిగితే తెర మీద వచ్చే రంగును మగ్గం మీద తేవాలంటే పడుగు కూడా మార్చాల్సి వస్తుందని సేటు ముఖం మీదే చెప్పాను. “నాకు తెల్వదా?” అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఆ గదిలో మాత్రం చెప్పినదాన్నే లోకువ చేశారు. రెండు స్లైడర్లనూ చిన్న ఫార్ములాతో కట్టి ఒక్కటి చేశాను. ఓనరు దాన్ని ఇటు లాగి అటు లాగి, సంతలో పీపీ కొన్న పిల్లాడిలా మురిసిపోయాడు. వంగపండు చీర చూస్తుండగానే ఆకుపచ్చ అయింది, గులాబీ అయింది, నిమ్మపండు అయింది. ఒకచోట ఆగాడు. అక్కడ ఎర్ర మెరుపు నీలంగా మారింది, నీలం మెరుపు ఆకుపచ్చగా మారింది. అచ్చం నెమలికంఠం. నాకే కళ్లు చెదిరాయి. అది నా చేతి పనే, అయినా దాన్ని చూస్తే అసహ్యం వేసింది, ఎందుకంటే తెర మీద ఊగుతున్న ఆ చీరను ఎవరూ నేయలేదు.

కొన్నాళ్లకు అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

“సేటు పచ్చ పేక పంపిండు,” అంది.

“పడుగు?”

“పడుగేడిది? మగ్గం మీద ఎర్రదే ఉన్నది గద, ఇంక రెండు చీరలు వస్తయి. దాని మీదనే పచ్చ ఏసి నెయ్యమంటుండు. నెమలికంఠం కావాల్నంట ఎవరికో. ఎర్ర మీద పచ్చ ఏస్తె ఏమైతదో ఆయనకు ఎరుక లేదా?”

నాకు ఎదురుగా నెమలికంఠం వీడియో కనిపించింది. ఆ రంగు రావాలంటే నీలం పడుగు కావాలి. పడుగు మార్చాలంటే మగ్గం మీదున్న ఎర్ర నూలును వదులుకోవాలి, లేదా అది అయ్యేదాకా ఆగాలి. సేటుకు రెండూ ఇష్టం లేదు. పేక మారిస్తే చాలు, వాళ్లకేం తెలుస్తుంది అనుకున్నాడు.

“నేయకు,” అన్నాను.

“చెప్పి పంపిన. రెండు మాట్ల చెప్పిన. జరీ పడితే లేస్తది తియ్, నెయ్యమను అన్నడంట.” మళ్లీ తనే, “నెయ్యకుంటె ఎట్లనే?” అంది.

నేసింది. అంచు బాగా వచ్చింది, కొంగు బాగా వచ్చింది. ఒళ్లు మాత్రం వాన వెలిసిన మర్నాడు ఎడ్లబండి చక్రానికి అంటుకున్న మట్టిలా వచ్చింది. ఎరుపును పచ్చ తినేసింది, పచ్చను ఎరుపు తినేసింది. సేటు మనిషి వచ్చి మడతపెట్టి తీసుకుపోయాడట.

తర్వాతి సెలవుకు నేను గద్వాలలో బస్సు దిగి, భుజాన ల్యాప్‌టాప్ సంచితో వీధిలోకి వచ్చేసరికి, అమ్మ కొంగు సర్దుకుంటూ సేటు మనిషి వెనక పోతోంది. నన్ను చూసి ఆగలేదు. “సేటు పిలుస్తుండంట” అని మాత్రం అంది. నేను సంచి దించకుండానే వెంట నడిచాను.

దుకాణంలో తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద బల్మూర్ నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. పెళ్లికూతురి మేనత్త. పెళ్లి శ్రీరంగాపూర్ గుడిలో, ముహూర్తం దగ్గర పడింది, చీర పెట్టేది ఆమే. ఒక చేతిలో ఫోను, ఫోనులో నా నెమలికంఠం గాలికి ఊగుతోంది. ఒళ్లో అమ్మ నేసిన చీర.

“గిదేంది, గదేంది?” అంటోంది ఆవిడ. “నా కోడలు గీ మట్టి కట్టుకొని పీటల మీద కూసుంటదా? మీ కండ్లు కనవడ్తలేవా?”

సేటు అమ్మ వైపు తిరిగాడు. మామూలుగా ‘అక్కా’ అంటాడు. ఆ రోజు “ఏమమ్మా” అన్నాడు. “నేనిచ్చిన పేక ఏంది, నువ్వేసింది ఏంది?”

“నువ్వు పంపిన పచ్చనే ఏసిన సేటు.”

“నేనిచ్చింది ఏస్తె గిట్లెందుకొస్తది? నా పోగు ఉంచుకొని, ఏదో చిల్లర పోగు ఏసినట్టున్నవు.”

ఈ మాట బయటివాళ్లకు మామూలుగానే వినిపించవచ్చు. మా వీధిలో దీన్ని మించిన తిట్టు లేదు. పోగు మార్చింది అన్న పేరు ఒక్కసారి పడితే ఆ ఊళ్లో ఏ సేటూ పడుగు ఇవ్వడు. మగ్గం ఉన్నా, చేయి ఉన్నా, నూలు రాదు. అమ్మకు ఉన్నదల్లా ఆ పేరే. దాన్ని ఆయన గద్దె మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, పరాయి మనిషి ముందర, నోటికొచ్చినట్టు తీసేశాడు.

అమ్మ అరవలేదు. ముందుకు వంగి, చీర చివర నుంచి ఒక పేక పోగును గోటితో లాగి, అరచేతిలో పెట్టి చూపించింది. పచ్చ పోగు. ఆయన పంపిన పచ్చ.

మేనత్త ఆ పోగును చూసింది, చీరను చూసింది. “పోగు పచ్చగనే ఉన్నది. మరి చీర మట్టి లెక్కెందుకున్నది?” అని సేటునే అడిగింది.

“ఒక్క పోగు చూపిస్తె ఏమైతది అక్కా? లోపలెన్ని మార్చిందో ఎవరికెరుక?” అన్నాడు సేటు. ఆవిడ నిజమే అన్నట్టు తల ఊపింది.

చేతిలో పోగు ఉంది, కళ్ల ముందు చీర ఉంది, నేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. ఇన్ని ఉండగా ఆవిడ మళ్లీ మళ్లీ చూస్తున్నది ఫోను వైపు. నేను గీతల మీద చుక్కలు జరిపి పుట్టించిన అబద్ధం వైపు.

సంచి విప్పి ల్యాప్‌టాప్‌ను ఆ తెల్ల దుప్పటి మీదే పెట్టాను. సేటు “ఏయ్, ఏంది?” అన్నాడు. పట్టించుకోలేదు. ఆ చీర వీడియో తెరిచి, రెండు స్లైడర్లనూ కట్టిన ఫార్ములాను చెరిపేశాను. పడుగు ఒకటి, పేక ఒకటి, విడిపోయాయి.

“అత్తా, ఇటు చూడు,” అన్నాను మేనత్తతో. “ఇది పడుగు. మగ్గం మీదున్నది ఎర్రది, సేటు పెట్టించిందే. ఎర్ర దగ్గరనే ఉంచుతున్న. ఇది పేక. సేటు పంపిన పచ్చకు తెస్తున్న.”

చుక్కను జరిపాను. నెమలికంఠం చచ్చిపోయింది. దాని చోట మట్టి లేచింది.

ఆవిడ చీరను ఎత్తి తెర పక్కన పెట్టుకుంది. “జర ముదురుండాలె,” అంది. జరిపాను. “ఇంక జర.” జరిపాను. ఆ ఒక్కసారే ఆ మాట మీద నాకు కోపం రాలేదు. కొలత పక్కనే ఉంది మరి, అమ్మ నేసిన చీర. తెర మీది రంగు, చీర రంగు ఒక్కటయ్యాయి.

“ఔ, గిదే,” అంది మేనత్త. సేటు వైపు తిరిగింది. “గిదే రంగు. అంటే నువ్వు పచ్చనే ఇచ్చినవు, ఆమె పచ్చనే ఏసింది. పడుగు మార్చకుంట నాకు మట్టి అంటగట్టినవా సేటూ?”

గెలిచాననే అనుకోవాలి. కానీ అరచేతిలో పెట్టిన దారాన్ని నమ్మని మనిషి నా తెరను నమ్మింది. ఆ నెమలికంఠం చూపించి మోసం చేసిందీ అదే తెర. అదే పెట్టె, అవే స్లైడర్లు. నేను అబద్ధం ఆడినప్పుడు నమ్మారు, నిజం చెప్పినప్పుడూ నమ్మారు. అమ్మ చేయి ఇంకా చాచే ఉంది, అందులో పోగు అలాగే ఉంది, ఎవరూ అటు చూడటం లేదు.

సేటు సిగ్గుపడతాడనుకున్నాను. సిగ్గు ఆయనకు ఆమడ దూరం. మెడ సాచి తెరలోకి చూసి, “గిది మంచిగున్నది గద,” అన్నాడు. “పడుగుకొకటి, పేకకొకటి. గిట్లనే చేసి ఇయ్యి బిడ్డా, గిరాకీ ముందల్నే చూపించుకుంట.” తర్వాత మేనత్తకు చల్లగా మాట్లాడి, నీలం పడుగుతో కొత్త చీర నేయిస్తానన్నాడు. అమ్మతో మాత్రం, మేం బయల్దేరేటప్పుడు, తల కూడా ఎత్తకుండా, “సరె తియ్ అక్కా, ఏదో అన్న, మనసుల పెట్టుకోకు” అన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అనే బాపతు. ఆయన కాళ్లు కూడా సరిగా పట్టుకోలేదు.

వీధిలోకి వచ్చాక అమ్మ నా ముందు గబగబా నడిచింది. మెచ్చుకుంటుందేమో అని వెనక పరుగెత్తాను. మా ఇంటి మలుపు దగ్గర తిరిగి నిలబడింది.

“నీ డబ్బల చూపిస్తె గాని నా మాట మాట గాదా?” అంది. “నా చేతుల పోగు కంటికానలేదు గాని, నీ బొమ్మ ఆనిందా ఆమెకు?”

“నేనేం చేయాలి మరి? నోరు మూసుకుని ఉండాల్నా?”

“నువ్వు చేసిన బొమ్మనే గద మొదలు నా మీదికి తెచ్చింది.”

ఆ మాటకు నేనూ అరిచాను. ఇద్దరం వీధిలో నిలబడి అరుచుకున్నాం. ఒకటే పెట్టమన్నది వాళ్లు, నేను రెండు పెట్టాను అని నేను. ఎన్ని పెట్టినవో నాకెందుకు అని ఆమె. ఎవరి మీద చూపించాల్సిన కోపం ఎవరి మీద చూపిస్తున్నామో ఇద్దరికీ తెలుసు. అయినా ఆపలేదు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

వనపర్తిలో ఓనరు నాకోసం కాచుకుని ఉన్నాడు. సేటు ఫోన్ చేసి ఉంటాడు. “గిరాకీ ముందల ఫైల్ తెరుస్తవా? గా ఫైల్ నీ అయ్యదా?” అన్నాడు. పెళ్లికూతురి తండ్రి పేరు మునిగిన రోజు నేను మింగిన మాటలన్నీ ఆ రోజు కక్కాను. పెట్టె చేసింది నేనని, ఆయన వచ్చిన పని మూత తీయడమేనని చెప్పాను. ఇంకా కొన్ని చెప్పాను, అవి ఇక్కడ రాయదగినవి కావు. చివరికి మౌసును ఆయన చేతిలో పెట్టి, “నువ్వే జర జరుపుకో అన్నా” అని మెట్లు దిగాను. ఇంటికొచ్చి, మగ్గం గదిలోనే ఒక మూల బల్ల వేసుకుని, నాకు తెలిసినవాళ్ల పెళ్లి వీడియోలు చేయడం మొదలుపెట్టాను. అమ్మ ‘ఎందుకొచ్చినవ్’ అని అడగలేదు. మా మధ్య మాటలు తక్కువగానే ఉన్నాయి.

ఎర్ర పడుగు మీద ఇంకో చీర మిగిలి ఉంది. అమ్మ దాన్ని నేసింది, నీలం పేకతో, వంగపండు రంగు. సగంలో వదిలేసిన చీర ఇంటికి మంచిది కాదంటుంది. ఒక్క వంక లేకుండా నేసి, కోసి, మడతపెట్టి, నాన్నతో సేటుకు పంపింది. మగ్గం మీద ఎర్ర పోగుల చివర్లు మిగిలాయి, ఎప్పటిలాగే.

రెండు రోజులకు సేటు మనిషి కొత్త పడుగు తెచ్చాడు. నీలం. ఈసారి సరైన నీలం. గడప దగ్గర నిలబడి, “నెమలికంఠం చీర అక్క చేతితోనే నెయ్యాలన్నడు సేటు. జర జల్ది గావాల్నంట,” అన్నాడు.

నాన్న బూడిద గిన్నె తీసుకురావడానికి లేచాడు. నేను నా బల్ల దగ్గర ఎవరి పెళ్లి పూలనో రాలుస్తున్నాను. కత్తెర చప్పుడు వినిపించి తల తిప్పాను. అమ్మ మగ్గం ముందు వంగి, అచ్చుకు ఆనించి, ఎర్ర పోగుల చివర్లను కోస్తోంది. గుప్పెడు పట్టుకుని కోసింది, ఇంకో గుప్పెడు పట్టుకుని కోసింది. కోసినవి అచ్చు పళ్లలోంచి లాగి కింద పడేసింది. నాన్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చివరి గుప్పెడు అయ్యాక నడుం పట్టుకుని లేచి, గడప దగ్గరికి వచ్చింది.

“అతకనీకి పోగుల్లేవు. తీస్కపో,” అంది.

ఆ మనిషి పడుగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. సేటు తర్వాత రెండుసార్లు కబురు పంపాడు, ఒకసారి స్వయంగా వచ్చి “అక్కా” అన్నాడు. అమ్మ నీళ్లిచ్చింది, చాప వేసింది, పడుగు మాత్రం తీసుకోలేదు.

చాలా రోజులు మగ్గం ఖాళీగా ఉంది. ఖాళీ మగ్గాన్ని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. గదిలో ఏదో పళ్లూడిన నోరు తెరుచుకుని కూర్చున్నట్టు ఉండేది. అమ్మ వేరే వాళ్ల ఇంట్లో కండెలు చుట్టడానికి పోయింది. నేత రాని పిల్లలు చేసే పని, ఆమె చేతికి! ఆ రోజుల్లో నా నోటి నుంచి మంచి మాట ఒక్కటీ రాలేదు, ఎవరితోనూ. పక్కింటివాళ్లు “గంత పట్టుదలెందుకు” అంటే తలుపు వేసేదాన్ని.

తర్వాత ఇంకో సేటు పడుగు ఇచ్చాడు. నూలు ఆయనదే, మగ్గం మాదే, కూలీ అంతే. పోగు మార్చిందన్న మాట ఆయన చెవిదాకా పోలేదో, పోయినా మేనత్త చెప్పిన మాట కూడా వెంటే పోయిందో, నాకు తెలియదు. పాత చివర్లు లేవు కాబట్టి ప్రతి పోగునూ మొదటి నుంచి ఎక్కించాలి. అమ్మ మగ్గం అవతల, నేను ఇవతల. నేను ఒక్కో పోగును వేరు చేసి అందించాలి, ఆమె దాన్ని పన్నుసందులోంచి లాగాలి. ఒకటి. ఇంకొకటి. ఇంకొకటి. కళ్లు మసకలు కమ్మాయి, మెడ పట్టేసింది. కంప్యూటర్లో ఒక్క చుక్క జరిపితే అయిపోయే పనికి ఇదేం ఖర్మ అని గొణిగాను. ఆమె వినిపించుకోలేదు. గొణిగి గొణిగి, చివరికి చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగేశాను.

“గంత మందిల గట్ల అన్నప్పుడు నోరు మెదపలేదు. ఇంటికొచ్చి కోసినవు. భయం గాలేదా నీకు?”

అమ్మ చేయి ఆపలేదు. ఇంకో పోగు అందుకుంది.

“అయింది. గందుకే కోసిన,” అంది. “ఆ పోగులు గట్లనే ఉంటే, తెల్లారి మల్ల అతుకుతుంటి.”